సాగనంపని ఇల్లు

ఆ వానాకాలం మా ఇంట్లో చీపురు పట్టలేదు. శవపెట్టె ఇంట్లో ఉండగా ఊడిస్తే ఇంకో ప్రాణాన్ని కూడా ఊడ్చేసుకున్నట్టే అంటారు ఫిలిప్పీన్స్‌లో మా క్వెజోన్ వైపు. ఎవరింట్లోనైనా అది ఐదారు రోజుల ముచ్చట. మా అమ్మ పంతం వల్ల మాకు వారాల తరబడి సాగింది. వచ్చిపోయేవాళ్ళ చెప్పుల బురద, పేకాట రాయుళ్ళు కొరికి ఊసిన పుచ్చగింజల పొట్టు, కరిగి కారిన కొవ్వొత్తుల మైనం, అన్నీ కలిసి నేల మీద పొర కట్టాయి. నేను కుట్టుపని చేసుకునేదాన్ని, మిషను మీద నూలుపోగు కనపడితేనే ఊరుకోను. కాళ్ళ కింద కరకరమంటుంటే పళ్ళు బిగపట్టుకుని తిరిగాను.

పెట్టెలో ఉన్నది మా తమ్ముడు క్రిసాంటో. ఇంట్లో సాంతోయ్ అంటాం. మిలిటరీ ట్రైనింగుకని వెళ్ళి రెండు నెలలు తిరక్కుండానే పెట్టెలో తిరిగొచ్చాడు. పరుగు తీస్తుంటే వడదెబ్బ తగిలిందని కబురు చెప్పారు. వానలు పట్టుకున్న నెలలో వడదెబ్బ. మా నాన్న టెబన్ కొబ్బరి ఎండబెట్టి బతికే మనిషి, ఎండ ఎప్పుడు కాస్తుందో ఎప్పుడు కాయదో ఆయనకి ఒకరు చెప్పాలా? అయినా తల వంచుకుని విన్నాడు. మా అమ్మ పెలాంగ్ తల వంచలేదు. కొడుకు బట్టలు సర్దుతానని శవానికి మందులెక్కించే పార్లర్ వాళ్ళని బయటికి పంపి, వాడి తొడల వెనక కమిలిన వాతలు చూసింది. గదిలోంచి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పెరట్లోకి వెళ్ళి, గంప ఎత్తి, గుడ్డులోంచి వచ్చి నాలుగు రోజులైనా కాని కోడిపిల్లని పట్టుకొచ్చి పెట్టె గాజు మీద వదిలింది.

పేకాట రాయుళ్ళు ముక్కలు కింద పెట్టేశారు. మనిషిని ఎవరైనా చంపి, చంపినవాడు దొరక్కపోతే పెట్టె మీద కోడిపిల్లని వదలడం మా ఆచారం. అది గాజు మీద పొడిచినప్పుడల్లా ఎక్కడో వాడి గుండెలో పొడుస్తుందని నమ్మకం. నోరు విప్పక్కర్లేదు, కోడిపిల్లని చూస్తే ఊరంతటికీ అర్థమవుతుంది.

"తీసెయ్ పెలాంగ్," అన్నాడు నాన్న. "జెండా కప్పి పంపించారు వాణ్ణి. మర్యాదగా మట్టిలో పెట్టుకుందాం."

"కొట్టినవాడు ఎవడో వచ్చి వీడి ముందు నిలబడి చెప్పాలి," అంది అమ్మ. "అది విన్నాక సాగనంపుతాను. అందాకా నా బిడ్డ ఈ ఇల్లు కదలడు."

పెట్టెతో పాటు యూనిఫాంలో ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, పొట్టిగా దిట్టంగా ఉంది. సెల్యూట్ చేసి వెళ్ళిపోయింది. సరుకు దింపి పోయారనుకున్నాను. మర్నాడు పొద్దున వంటింట్లో కప్పులు కడుగుతున్న చప్పుడైతే మా పిన్ని అనుకుని వెళ్ళాను. పూల చొక్కా, రబ్బరు చెప్పులు, పైన నిన్నటి మొహం.

"మీరు నిన్నటి సార్జెంట్ కదూ?"

"అవునమ్మా. దిమాయుగా. కుటుంబాల సహాయ విభాగం. ఈ గిన్నె మసి ఎన్నాళ్ళదే తల్లీ, కాస్త పీచుంటే ఇలా ఇయ్యి."

నేను పీచు ఇచ్చాను. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ అంట్ల మీంచి తల తిప్పి, "అమ్మా, అన్నం తిన్నారా?" అంది. మీ బాధ నాకు తెలుసనీ, దేశం కోసం పోయాడనీ అనలేదు.

"నువ్వు మా పక్షమా, మీ కెప్టెన్ పక్షమా?" అమ్మ సూటిగా అడిగింది.

"నన్ను పెట్టింది మీ పక్కన ఉండడానికండీ. జీతమిచ్చేది వాళ్ళు. రెండూ నిజమే." గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది. "నాకు తెలిసింది చెప్తాను. తెలియనిది తెలియదంటాను. చెప్పొద్దన్న మాట ఉంటే, చెప్పొద్దన్నారని చెప్తాను. మీ అబ్బాయిని ఇంట్లో ఏమని పిలుస్తారు?"

"సాంతోయ్."

"నేనూ అలా పిలవచ్చా?"

అమ్మ వెళ్ళి పెట్టె దగ్గర కూర్చుంది. కాసేపటికి అక్కణ్ణుంచే, "పిలువు," అంది.

అలా మొదలయ్యాయి ఆవిడ రాకపోకలు. చువ్వ విరిగిన గొడుగుతో, ఎంత జోరున కురుస్తున్నా వచ్చేది. పార్లర్ వాళ్ళతో మాట్లాడడం, ప్రార్థన చదివే ముసలమ్మలకి అల్లం టీ పెట్టడం, ఆఫీసు నుంచి ఫోనొస్తే అమ్మకి వినపడేలా మాట్లాడడం, అన్నీ ఆవిడే. యూనిఫాం మాత్రం నా కుట్టుమిషను వెనక మేకుకి వేలాడేది, నేనే ఇస్త్రీ చేసి ఉంచేదాన్ని. పైవాళ్ళు వస్తున్నారని తెలిస్తే పూల చొక్కా తెర వెనక్కి వెళ్ళేది, సార్జెంటు బయటికొచ్చేది.

చావింటికి వచ్చినవాళ్ళకి మేం కృతజ్ఞతలు చెప్పం, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపం. వాళ్ళూ వెళ్ళొస్తామని అనరు, లేచి వెళ్ళిపోతారంతే. అలాగని నేరుగా ఇంటికీ పోరు. దారిలో ఎక్కడో ఒకచోట దిగి, ఈ ఇంటి చావు గాలి దులుపుకుని మరీ పోతారు. సార్జెంటు దులుపుకునే చోటు రోడ్డు మలుపులోని పెద్దాయన మాంగ్ కులాస్ బేకరీ. తను ఎక్కిన జీప్నీ బండి ఆపించి, దిగి, ఒక రొట్టె కొనుక్కుని నిలబడి తిని, వెనకాల వచ్చే జీప్నీ ఎక్కేది. మా గుమ్మంలోంచి చూస్తే కనపడేది.

చావింట్లో పేకాడి, గెలిచినదాంట్లో కొంత అద్దె కింద ఇంటివాళ్ళకి ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. మాంగ్ కులాస్ రోజూ సాయంత్రం పేకాటకి వచ్చేవాడు. "పెలాంగ్, ఇంకో నెల ఇలాగే లాగు. నా బేకరీకి రేకులు పీకించి స్లాబు వేయిస్తాను," అన్నాడు ఒకరోజు. అందరూ అమ్మ మొహం చూశారు. అమ్మ పెదవి చివర కొంచెం వంగింది. సాంతోయ్ వచ్చాక అదే మొదటిసారి, నాకు ఆ ముసలాయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

సాంతోయ్ ట్రైనింగు క్యాంపు కెప్టెన్ వచ్చిన రోజున వాన కాస్త తెరిపిచ్చింది. మంచి ఎత్తు మనిషి, గుమ్మంలో తల వంచి లోపలికొచ్చాడు. పూలచక్రం పెట్టించాడు. పెట్టె సగానికి జెండా కప్పి ఉంది, పై సగం గాజు. ఆయన చూపు గాజు మీద ఆగింది.

"సార్జెంట్, ఏమిటది?"

"కోడిపిల్ల, సర్."

"కోడిపిల్లని కనపడుతూనే ఉంది. జెండా కప్పిన పెట్టె. జెండా మీద ఏ వస్తువూ ఉండకూడదని నేను మీకు చెప్పాలా?"

"అక్కర్లేదు సర్."

ఆవిడ పెట్టె దగ్గరికి నడిచింది. అమ్మ లేచి నిలబడింది. సార్జెంటు కోడిపిల్ల జోలికి పోలేదు. జెండా అంచుని రెండు చేతులతో పట్టుకుని, ముడత పడకుండా ఒక జానెడు కిందికి జరిపింది. జేబురుమాలు తీసి, గాజు మీద కోడిపిల్ల చేసిన నిర్వాకం తుడిచి, రుమాలు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుంది.

"జెండా మీద ఏమీ లేదు సర్."

కెప్టెన్ ఆవిడ వంక చాలాసేపు చూశాడు. కోడిపిల్ల టిక్కు టిక్కుమని పొడుస్తూనే ఉంది. ఆయన అమ్మకి తల వంచి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ సాగనంపలేదు.

"దిమాయుగా అంటే కదపలేనిదనేగా," అన్నాడు మాంగ్ కులాస్ ముక్కలు కలుపుతూ. "పేరు పెట్టినవాడికి ముందే తెలుసన్నమాట."

తెర వెనక యూనిఫాం విప్పుతున్న సార్జెంటుకి గుండీలు పట్టు దొరకలేదు. గుండీలు నేనే తీశాను. "నవ్వకే," అంది. నేను నవ్వడం లేదు.

ఆ సాయంత్రమే అంట్లు తోముతూ మెల్లిగా అంది అమ్మతో, "ఇంకో డాక్టరు చేత చూపించమని అడిగే హక్కు మీకుందండీ. అడిగితే కాదనడానికి లేదు. అడక్కపోతే ఎవరూ చెప్పరు." అమ్మ అడిగింది. మనీలా నుంచి డాక్టరొచ్చాడు. సాంతోయ్‌ని కొట్టారని, కర్రతో కొట్టారని, ఒక్కరు కాదని తేలింది. కొత్తవాళ్ళకి పాతవాళ్ళు ఇచ్చే 'స్వాగతం' అట దాని పేరు. అంతటితో వడదెబ్బ మాట మానేశారు. కొట్టిందెవరంటే మాత్రం బారక్సులో ఒక్కడికీ కళ్ళు లేవు. అందరూ నిద్రపోతున్నామన్నారు.

వారాలు గడిచేకొద్దీ జనం పలచబడ్డారు. తొమ్మిది రోజుల ప్రార్థన అయిపోయి మళ్ళీ మొదలైంది, మళ్ళీ అయిపోయింది. శవాన్ని అడ్డం పెట్టుకుని పేకాట అద్దె తింటున్నారన్న మాట కూడా చెవిన పడింది. అన్నది మా దూరపు చుట్టమే. కోడిపిల్లకి రెక్కల మీద గోధుమరంగు ఈకలు వచ్చాయి. పార్లర్ అతను గాజు మూత తీసి, సరిచేసి, నన్ను పక్కకి పిలిచి, "ఇంకో వారం, అక్కా. ఆపైన నా చేతుల్లో లేదు," అన్నాడు.

ఆ మాట చెప్పడానికి నాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన పడక కొబ్బరి ఎండబెట్టే పాకలోకి మారిపోయి చాలా రోజులైంది. అమ్మతో మాటల్లేవు. పొగలో కూర్చుని డిప్పలు తిరగేస్తున్నాడు. అన్నం ముందు పెట్టాను.

"వాడికి దీపముంటే నిద్ర పట్టదే," అన్నాడు. "చిన్నప్పుడు నేను దీపం వెలిగిస్తే తువ్వాలు మొహం మీద వేసుకునేవాడు. గుర్తుందా? ఇన్నాళ్ళ నుంచి తలాపున కొవ్వొత్తులు. వచ్చినవాడల్లా వంగి మొహంలోకి చూడడం. ఎలా పడుకుంటాడే వాడు?"

నాకు ఏడుపు ఆగలేదు. "అమ్మతో చెప్పు నాన్నా."

"ఏమని చెప్పను? ఆవిడా వాడి కోసమేగా చేస్తోంది."

ఇద్దరిదీ వాడి కోసమే. ఎటూ తెగక మా ఇల్లు నిలువునా చీలిపోతోంది, అతకడానికి నా దగ్గరున్న సూదీ దారం పనికిరాలేదు.

ఆ వారంలోనే ఆలింగ్ సియోనింగ్ అనే ఆవిడ వచ్చింది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్తే పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. అమ్మ వయసే, ఎండిపోయిన మనిషి. పక్కన జడలా అల్లిన వెల్లుల్లి గుత్తి. యాస ఉత్తరాదిది. నాన్న వాళ్ళమ్మ ఉత్తరాన ఇలోకోస్ నుంచి వచ్చిన మనిషే, అయినా నాకు ఆ వైపు ఆలోచన పోలేదు. సార్జెంటు పంపిన మనిషేమో, ఆఫీసు వాళ్ళు సాయానికి ఇంకొకర్ని వేశారేమో అనుకున్నాను. సార్జెంటు వచ్చి ఆ యాస విని, నాన్న తరపు చుట్టమనుకుంది. ఇద్దరం ఆవిడకి మర్యాదగా చోటిచ్చాం. చావింట్లో పని చేస్తున్న మనిషిని నువ్వెవరని అడగడం మా ఇళ్ళలో ఉండదు.

రెండు రోజులు ఆవిడ వెల్లుల్లి ఒలిచింది, బియ్యం ఏరింది, నీళ్ళు తోడింది. మా ఇంట్లో అంత వెల్లుల్లి తినేవాళ్ళెవరూ లేరు. మూడో రోజు పొద్దున నాకు ఒకటి తట్టింది. వచ్చినవాళ్ళెవరైనా ముందు పెట్టె దగ్గరికి వెళ్ళి సాంతోయ్ మొహం చూస్తారు. ఈవిడ పెరటి గుమ్మం నుంచి వచ్చి, పెరటి గుమ్మం నుంచే తిరుగుతోంది. హాల్లో అడుగు పెట్టలేదు.

సార్జెంటు వచ్చాక అడగాలనుకున్నాను. అంతలో కోడిపిల్ల గాజు మీంచి దూకింది. ఈమధ్య దానికి దూకుడెక్కువైంది. హాలు దాటి, వంటింట్లోకి పోయి, ఆలింగ్ సియోనింగ్ ముందు నిలబడింది. ఆవిడ ఏరుతున్న చేటలోంచి నాలుగు నూకలు అరచేతిలో పోసుకుని కిందికి చాపింది. కోడిపిల్ల తిన్నది. గింజలు అయిపోయాక కూడా ఖాళీ చేతిని పొడుస్తూనే ఉంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

దాన్ని వెతుక్కుంటూ అమ్మ వచ్చి అది చూసింది. "గింజలైపోయాయిగా. చెయ్యి తీసెయ్ అమ్మా, రక్తమొస్తుంది."

"పొడవనీండి," అంది ఆవిడ.

అమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడి కూర్చుంది.

"నువ్వు సార్జెంటు మనిషివి కాదు కదూ?"

"కాదు."

"మా ఆయన తరపూ కాదు."

"కాదు." ఆవిడ చూపు కోడిపిల్ల మీదే ఉంది. "మావాడూ మీవాడూ ఒకే బారక్సు. మావాడు మార్సెలో, పాతబ్యాచి. సెలవు మీద ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినడు, మాట్లాడడు. నాలుగోనాడు చెప్పాడు. కర్ర పట్టుకున్న వాళ్ళలో వాడూ ఉన్నాడట. మీవాడు ఆఖర్న అమ్మా అన్నాడట." చేటని పక్కకి జరిపింది. మళ్ళీ తనే అంది, "వెళ్ళి చెప్పెయ్యరా అన్నాను. చెప్తాను, కానీ ముందు నువ్వు వెళ్ళి వాళ్ళమ్మని చూసి రా అన్నాడు. వచ్చాను. లోపలికి రావడానికి కాళ్ళు రాలేదు."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. నేను ఆ కుండ ఎత్తి ఆవిడ మీద పోసేస్తానేమోనని నాకే భయమేసింది. అమ్మ ఏం చేస్తుందోనని చూశాను. అమ్మ కోడిపిల్లని పట్టి ఒళ్ళో పెట్టుకుంది. దాని వీపు నిమిరింది.

"నీ కొడుకు ఇప్పటికైనా అన్నం తింటున్నాడా?"

"లేదు."

"నువ్వు?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"లిగాయా," అంది అమ్మ నాతో. "పళ్ళెం తీసుకురా."

ఆవిడ తిన్నది. ప్రతి ముద్దా కష్టం మీద దిగింది. తిన్నాక అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళి పెట్టె ముందు నిలబెట్టింది. నేను పాక దగ్గరికి పరిగెత్తి నాన్నని పిలుచుకొచ్చాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆలింగ్ సియోనింగ్ గాజులోంచి సాంతోయ్ మొహం చూసి, వాళ్ళ భాషలో ఏదో మెల్లగా చెప్పింది. నాన్నకి తల్లి భాష కాబట్టి అర్థమైంది. ఆయన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

సార్జెంటు మధ్యాహ్నానికి వచ్చింది. జరిగిందంతా విని, గొడుగు మూలన పెట్టి, ఆలింగ్ సియోనింగ్ ఎదురుగా కూర్చుంది.

"మీకు అబద్ధం చెప్పనండీ. మీ అబ్బాయి నోరు విప్పితే మిగతావాళ్ళ పేర్లొస్తాయి. అతనికీ శిక్ష పడుతుంది. తగ్గించొచ్చు, కానీ పోదు. ఇంకా సమయముంది, ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే బస్సెక్కానమ్మా."

"మరి ఇవాళే వెళ్ళాలి. రాత్రికి మనసు మారచ్చు, అతనిది కాకపోతే మీది." సార్జెంటు లేచి ఫోను తీసింది. "అక్కడ మిమ్మల్ని కలుసుకోడానికి ఎవరినైనా పంపమని అడుగుతాను."

"ఈవిడ పక్కన ఎవరుంటారు?" అడిగింది అమ్మ.

"వాళ్ళ వైపు సహాయం ఏమీ ఉండదమ్మా. పోగొట్టుకున్న కుటుంబాలకే మా విభాగం. నా డ్యూటీ మీ పక్కన."

"మా పక్కన మేమున్నాం." అమ్మ నాన్న వైపు చూసింది. ఆ నెలలో ఆయన్ని అలా చూడడం అదే మొదలు. నాన్న తలూపాడు. "ఇవాళ్టికి నువ్వు ఈవిడతో వెళ్ళు."

సార్జెంటు ఫోను జేబులో పెట్టుకుంది. ఆవిడకి ఏ నియమం గుర్తొచ్చిందో, దాని అంచుని ఎంత జరిపిందో తెలియదు. తెర వెనక్కి వెళ్ళి యూనిఫాం వేసుకుని వచ్చి, ఆలింగ్ సియోనింగ్ సంచీ తన భుజానికి తగిలించుకుంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళారు. మేం గుమ్మం దాకా వెళ్ళలేదు, ఇంకా వెళ్ళకూడదు కాబట్టి.

మార్సెలో చెప్పాడు. మిగతావాళ్ళని పట్టుకున్నారు. పార్లర్ అతను ఇచ్చిన గడువు దగ్గరపడుతుండగా సార్జెంటు అడగాల్సినవాళ్ళనందరినీ అడిగి, బతిమాలి, విసిగించి, అతన్ని కాపలాతో మా ఇంటికి తీసుకొచ్చింది. పక్కన వాళ్ళమ్మ ఉంది. సాంతోయ్ కంటే రెండేళ్ళు పెద్దవాడేమో, చెవులు దొప్పల్లా ఉన్నాయి. మా వీధిలో ఎక్కడైనా కనపడి ఉంటే మంచిపిల్లాడే అనుకునేదాన్ని. పెట్టె ముందు నిలబడి చెప్పాడు. ఏం చెప్పాడో నేను చెప్పను. అది మా తమ్ముడికి చెప్పిన మాట.

చెప్పడం అయ్యాక అమ్మ కోడిపిల్లని గాజు మీంచి తీసి చంకలో పెట్టుకుంది. అతన్ని క్షమించానని అనలేదు. ఆ మాట ఆ తరవాత ఎప్పుడూ అనగా నేను వినలేదు. "వాన పడుతోంది, జాగ్రత్తగా తీసుకెళ్ళండి," అని కాపలావాళ్ళతో మాత్రం అంది. తరవాత నాన్న ముందుకొచ్చి, తలాపున కొవ్వొత్తుల్ని ఒక్కొక్కటే చేత్తో ఆర్పాడు.

మర్నాడు పొద్దున సాంతోయ్‌ని సాగనంపాం. తుపాకులు పేల్చారు. సార్జెంటు జెండా మడిచి నాన్న చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు ఆవిడ చెప్పవలసిన వాక్యం ఒకటుంది, దేశం తరపున అని మొదలవుతుంది. అది మొత్తం చెప్పి, చివర నాన్నకి మాత్రమే వినపడేలా, "ఇంక దీపం లేదండీ, సాంతోయ్ పడుకుంటాడు," అంది. దీపం సంగతి నేనెప్పుడో మాటల్లో చెప్పాను ఆవిడకి. నాన్న జెండాని గుండెకి హత్తుకుని అక్కడే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ ఆయన తల తన భుజానికి ఆనించుకుంది.

ఇంటికి రాగానే అమ్మ బట్టలైనా మార్చుకోకుండా చీపురు తీసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. మైనం గోరుతో గీకింది, పొట్టు గుట్టగా పోసింది. ఆలింగ్ సియోనింగ్ పెరటి గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడింది. ఖననంలో అందరి వెనకా చెట్టు కింద నిలబడింది ఆవిడ, ఇప్పుడు పోవడానికి సార్జెంటు కోసం చూస్తోంది. నాన్న ఒక గోనెసంచీ నిండా కొబ్బరికాయలు కట్టి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో దొరకవనుకున్నాడేమో.

సార్జెంటు పూల చొక్కాలోకి మారి వచ్చింది. యూనిఫాం మడిచి సంచీలో పెట్టుకుంది. నా మిషను వెనక మేకు ఖాళీగా కనపడింది. అలవాటు ప్రకారం ఎవరితోనూ ఏమీ చెప్పకుండా, గొడుగు తీసుకుని, ఆలింగ్ సియోనింగ్‌తో కలిసి వీధిలోకి దిగింది. మేమూ అలవాటు ప్రకారం కూర్చునే ఉన్నాం. వాళ్ళు గేటు దాటారు.

అప్పుడు అమ్మకి గుర్తొచ్చింది. చీపురు వదిలేసి పరిగెత్తింది. ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి నాన్న చెప్పు. నేనూ వెనకాల పరిగెత్తాను, నా వెనక గోనెసంచీ మోసుకుంటూ నాన్న.

"ఆగవే, ఆగు," అంది అమ్మ రొప్పుతూ. "చెప్పకుండా పోతావేంటి?"

సార్జెంటు తెల్లబోయింది. "ఎప్పుడూ ఇలాగేగా అమ్మా వెళ్ళేది."

"ఎప్పుడూ వేరు. ఇవాళ ఇంట్లో పెట్టె లేదుగా."

జీప్నీ ఆగే చోటు దాకా ఐదుగురం మెల్లగా నడిచాం. అమ్మ ఆవిడ గొడుగు లాక్కుని, విరిగిన చువ్వని తన జుట్టుపిన్నుతో కట్టింది. జీప్నీ వచ్చాక నాన్న గోనెసంచీ పైకెక్కించాడు. అమ్మ ఆలింగ్ సియోనింగ్ చెయ్యి పట్టుకుని, "చేరాక కబురు పెట్టు. వాడు తింటున్నాడో లేదో కూడా," అంది. ఆవిడ తలూపి ఎక్కింది.

ఇంక సార్జెంటు వంతు. ఇన్నాళ్ళూ నోట రాకూడని మాటలన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చినట్టున్నాయి, అమ్మ రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

"మళ్ళీ రా," అంది చివరికి.

సార్జెంటు మొహం ఒక్కసారి మారిపోయింది. కెప్టెన్ ముందు చలించని మనిషి, కళ్ళు గబగబా ఆర్పింది. ఆవిడ ఉద్యోగంలో గడప గడపకీ ఎదురయ్యేది, ఇంకెప్పుడూ రాకు తల్లీ అనే చూపే. రమ్మన్నవాళ్ళు అంతకుముందు లేరట, ఆ సంగతి చాలా ఏళ్ళ తరవాత మా వంటింట్లో గిన్నెలు తోముతూ చెప్పింది.

"వెళ్ళొస్తానమ్మా," అంది.

జీప్నీ కదిలింది. మేం రోడ్డు మీద నిలబడి చూశాం. మలుపులో మాంగ్ కులాస్ బేకరీలోంచి బయటికొచ్చి, రొట్టె కాగితంలో చుట్టి సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు. జీప్నీ వేగం తగ్గించలేదు. ఆయన ముందు నుంచే, ఆగకుండా, నేరుగా వెళ్ళిపోయింది.

అమ్మ అది మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూసింది. తరవాత అరచేత్తో మొహం తుడుచుకుని, "పదండి, వెనకగది ఇంకా ఊడవాలి," అంది.